తెలుగు వెబ్ అప్లికేషన్‌కు సొంత సెర్చ్ బాక్స్: అసలు పని ఎక్కడుంది?

వెబ్ అప్లికేషన్‌లో సెర్చ్ బాక్స్ పెట్టాలంటే చాలా బృందాలు దాన్ని ఒక పూట పనిగా లెక్కవేస్తాయి. పేజీ పైన ఒక పెట్టె, పక్కన భూతద్దం బొమ్మ, వెనుక డేటాబేస్‌కు ఒక క్వెరీ ఉంటే సరిపోతుందనుకుంటాయి. ఇంగ్లీషు సమాచారం ఉన్న చిన్న అప్లికేషన్‌లో ఈ లెక్క చాలావరకు నిజమే. తెలుగు సమాచారం ఉన్న చోట, అంటే పాత సంచికలను ఆన్‌లైన్‌లో పెట్టిన పత్రికలోనో, గ్రంథాలయ జాబితాలోనో, వంటకాల సైట్‌లోనో, అదే పెట్టె ఏ ఎర్రర్ సందేశమూ చూపకుండా, ఉన్న సమాచారాన్ని లేదని చెప్పేస్తుంది. వెతికినవారు ఆ మాట నమ్మి వెళ్ళిపోతారు. టైపు చేసిన మాట ఇండెక్స్‌ను (వెతకడానికి ముందే తయారుచేసి ఉంచే పదసూచికను) చేరేలోపు దానికి ఏమేం జరుగుతుందన్న దాని మీదే సెర్చ్ నాణ్యత ఆధారపడి ఉంటుంది. పేరున్న టూళ్ళ డిఫాల్ట్ సెట్టింగులు తెలుగు విషయంలో దెబ్బతినేది కూడా సరిగ్గా అక్కడే.

ఈ తలనొప్పంతా పడకుండా సెర్చ్‌ను బయటి నుంచి తెచ్చుకునే దారి ఒకటి ఉంది. గూగుల్ 2006లో మొదలుపెట్టిన కస్టమ్ సెర్చ్, ఇప్పటి పేరుతో ప్రోగ్రామబుల్ సెర్చ్ ఇంజిన్, నాలుగు లైన్ల కోడ్ అతికిస్తే పెట్టెనూ ఫలితాలనూ కలిపి ఇస్తుంది. తెలుగు పదాలను పోల్చడంలో గూగుల్‌కున్న అనుభవం ఉచితంగా దక్కడం చిన్న లాభమేమీ కాదు. అందరికీ తెరిచి ఉంచిన వ్యాసాల సైట్‌కు ఇది చాలు. కానీ గూగుల్ చూడగలిగిన పేజీలే అందులో దొరుకుతాయి. లాగిన్ వెనుక ఉన్న సమాచారం, ఈ ఉదయమే చేర్చిన రికార్డు అందులో ఉండకపోవచ్చు. ఫలితాల వరుసను అప్లికేషన్ అవసరానికి తగినట్టు మార్చుకునే వీలూ తక్కువే. పైగా ఇలాంటి సేవలు యజమాని ఇష్టం మీద నడుస్తాయి. డబ్బు కట్టి వాడుకునే గూగుల్ సైట్ సెర్చ్ అమ్మకం 2017లో ఆగిపోయి, మరుసటి ఏడాదికి సేవ పూర్తిగా మూతపడింది. సెర్చ్ అనేది అప్లికేషన్‌లో ప్రధాన ద్వారమైనప్పుడు దాన్ని సొంతంగా కట్టుకోవడమే మేలు.

సొంతంగా కట్టేవారు మొదట చేసేది సాధారణంగా డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్‌లోని లైక్ వాక్యంతో, వెతికిన మాటకు ముందూ వెనుకా శాతం గుర్తు పెట్టి వెతకడం. వెయ్యి రికార్డుల దాకా ఇది బాగానే నడుస్తుంది. మాటకు ముందు కూడా శాతం గుర్తు ఉంటుంది కాబట్టి మాట మొదలును బట్టి వెతికే మామూలు బీ-ట్రీ ఇండెక్స్ ఇందులో పనికిరాదు. ప్రతిసారీ పట్టికంతా మొదటి నుంచి చివరి దాకా చదవాల్సి వస్తుంది. అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. "కల" అని వెతికితే "కలప", "కలకత్తా", "సకలం" కూడా వస్తాయి, వాటిలో ఏది ముందుండాలో చెప్పే ఆధారం ఏదీ ఈ పద్ధతిలో లేదు.

అందుకే ఫుల్‌టెక్స్ట్ సెర్చ్ అవసరమవుతుంది. పుస్తకం చివర ఇచ్చే పదసూచికలో ఏ మాట ఏ పేజీల్లో ఉందో ముందే రాసిపెట్టినట్టే, ఇన్వర్టెడ్ ఇండెక్స్‌లో ప్రతి పదానికీ అది కనిపించే రికార్డుల జాబితా ఉంటుంది. 1999లో డగ్ కటింగ్ రాసిన లూసీన్ లైబ్రరీ, దాని మీద కట్టి 2010లో వచ్చిన ఎలాస్టిక్‌సెర్చ్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లలో ఉన్న ఫుల్‌టెక్స్ట్ సౌకర్యాలు, అన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. ఈ సూచికలో చేరే "పదం" ఏమిటో నిర్ణయించే మెట్టును టోకెనైజేషన్ అంటారు. తెలుగుకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

ఎస్‌క్యూలైట్‌లోని ఫుల్‌టెక్స్ట్ భాగమైన ఎఫ్‌టీఎస్5 సంగతి చూస్తే విషయం స్పష్టమవుతుంది. మొబైల్ యాప్‌లలోనూ చిన్న సర్వర్లలోనూ దీన్ని విరివిగా వాడతారు. దీని డిఫాల్ట్ టోకెనైజర్, అన్ని లిపుల గుర్తులకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలోని వర్గాల్లో అక్షరాలనూ అంకెలనూ మాత్రమే పదంలో భాగంగా లెక్కిస్తుంది, మిగిలినవన్నీ దాని దృష్టిలో పదాలను విడగొట్టే గుర్తులు. తెలుగులో హల్లులు, అచ్చులు యూనికోడ్ ప్రకారం అక్షరాలే. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా మాత్రం "మార్క్" అనే వేరే వర్గంలోకి వస్తాయి. దాంతో "తెలుగు" అనే మాట ఇండెక్స్‌లోకి "త", "ల", "గ" అనే మూడు ముక్కలుగా చేరుతుంది. వెతికేటప్పుడు కూడా మాట అలాగే ముక్కలవుతుంది కాబట్టి ఫలితాలు వస్తూనే ఉంటాయి, అందుకే పరీక్షించినవారికి అనుమానం రాదు. కానీ అచ్చుల తేడా పూర్తిగా చెరిగిపోయి ఉంటుంది. "తెలుగు" అని వెతికితే "తేలిగ్గా" అన్న మాట ఉన్న వ్యాసాలూ వచ్చి కూర్చుంటాయి. "కాలు" అని అడిగితే "కీలు", "కూలీ", "కోలా" కూడా సరైన సమాధానాలే అయిపోతాయి. పట్టికను సృష్టించేటప్పుడు టోకెనైజర్ వర్గాల జాబితాలో మార్క్ వర్గాన్ని కూడా చేర్చితే ఈ సమస్య పోతుంది. మందు ఒక్క లైనే, జబ్బును గుర్తించడమే కష్టం.

పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాతో) పదాలను విడదీసేవారికీ ఇదే గతి. పదంలోని అక్షరాన్ని సూచించే అక్కడి సంకేతం గుణింతపు గుర్తులను వదిలేస్తుంది కాబట్టి "తెలుగు" మళ్ళీ మూడు ముక్కలే అవుతుంది. జావాస్క్రిప్ట్‌లో అదే సంకేతం ఒక్క తెలుగు అక్షరాన్ని కూడా గుర్తించదు, అక్కడ 2018 ప్రమాణంతో వచ్చిన యూనికోడ్ వర్గాల సౌకర్యాన్ని వాడి, అక్షరాలతో పాటు మార్కులను కూడా అడగాలి. లూసీన్‌లోని స్టాండర్డ్ టోకెనైజర్ యూనికోడ్ సంస్థ ఇచ్చిన పదవిభజన నియమాలను పాటిస్తుంది కనుక ఈ మెట్టు దగ్గర తెలుగును చెడగొట్టదు. ఏ టూల్ వాడినా "పుస్తకం", "స్త్రీ", "హైదరాబాద్‌లో" అనే మూడు మాటలను టోకెనైజర్‌కు ఇచ్చి, ఏం తిరిగి వచ్చిందో కళ్ళతో చూసుకోకుండా ముందుకు వెళ్ళకూడదు.

మాట ముక్కలు కాకుండా ఇండెక్స్‌లో చేరిందనుకున్నా, ఒకే మాట ఎన్ని రూపాల్లో చేరుతుందన్నది రెండో ప్రశ్న. కంటికి కనిపించని గుర్తుల వల్ల వచ్చే చిక్కు వీటన్నిటిలో మొండిది. "వెబ్‌సైట్" అన్న మాటలో "బ" కింద "స" ఒత్తుగా మారకుండా ఆపడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య గుర్తును వాడతారు. కొందరి కీబోర్డు దాన్ని తనంతట తానే చేరుస్తుంది. కొందరు దాన్ని టైపు చేయడం తెలియక "వెబ్ సైట్" అని విడదీసి రాస్తారు, మరికొందరు "వెబ్సైట్" అని కలిపేస్తారు. పాఠకుడికి మూడూ ఒకటే, కంప్యూటర్‌కు మూడూ వేర్వేరు. పదవిభజన నియమాలు ఆ గుర్తును పదంలో భాగంగానే ఉంచుతాయి కాబట్టి, గుర్తుతో చేరిన మాట గుర్తు లేకుండా వెతికితే దొరకదు. "సాఫ్ట్‌వేర్", "ఫేస్‌బుక్", "బ్యాంక్‌లో" లాంటి మాటలు నేటి తెలుగులో అడుగడుగునా ఉన్నాయి కనుక ఇది ఎప్పుడో ఒకసారి తగిలే చిక్కు కాదు. ఇండెక్స్ కోసం సిద్ధం చేసే ప్రతిలో ఈ గుర్తును తీసేయాలి, పాఠకుడికి చూపించే ప్రతిలో ఉంచాలి. విడదీసి రాసిన రూపాన్ని కలపడానికి తరచుగా వచ్చే జంటల చిన్న పట్టిక చాలు.

మిగతా రూపభేదాల పని కొంత సులువు. "ఐ" గుణింతాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, "ఎ" గుణింతానికి ఐత్వపు గుర్తు జోడించి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మారిస్తే రెండూ ఒకటవుతాయి. తెలుగు అంకెలను మామూలు అంకెలుగా మార్చాలి. "ఇళ్ళు", "ఇళ్లు" అనే రెండు రాతలను ఒకటిగా చూడాలి. పాత సాహిత్యం ఉన్న చోట బండి "ఱ"ను "ర"గా, అరసున్నాను లేనట్టుగా లెక్కించడం మంచిది. "కంప్యూటర్", "కంప్యూటరు" లాంటి జంటల్లో చివరి ఉకారాన్ని వదిలేయవచ్చు, కానీ ఈ నియమాన్ని అచ్చ తెలుగు మాటల మీదికి తోలితే "కాలు", "కాల్" ఒకటైపోతాయి. యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో టైపు చేసి దాచిన పాత పత్రికల ఫైళ్ళు వీటన్నిటికన్నా వేరే తరహా. వాటిలో ఉన్నది తెలుగు కాదు, తెలుగు ముసుగు వేసుకున్న లాటిన్ సంకేతాలు. యూనికోడ్‌లోకి మార్చే దాకా ఏ సెర్చ్ ఇంజినూ వాటిని చదవలేదు.

ఈ మార్పులన్నీ రెండు చోట్లా, అంటే సమాచారాన్ని ఇండెక్స్‌లోకి ఎక్కించేటప్పుడూ, పెట్టెలో మాట పడినప్పుడూ, ఒకే కోడ్ గుండా జరగాలి. ఒక బృందం సర్వర్‌లో ఒక తీరుగా, ఇంకో బృందం బ్రౌజర్‌లో మరో తీరుగా శుభ్రం చేసే అప్లికేషన్లలో "నిన్నటిదాకా దొరికింది, ఈ రోజు దొరకడం లేదు" అనే ఫిర్యాదులు పుట్టేది ఆ తేడాలోంచే.

ఇక విభక్తుల సంగతి. "పుస్తకం" అన్న మాట వాక్యాల్లో "పుస్తకాలు", "పుస్తకాన్ని", "పుస్తకానికి", "పుస్తకంలో", "పుస్తకాలతో" అంటూ వస్తుంది. వీటిని మూలరూపానికి తెచ్చే పనిని స్టెమింగ్ అంటారు. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే భాషల జాబితాలో తమిళం, హిందీ, నేపాలీ ఉన్నాయి కానీ తెలుగు లేదు. "సింపుల్" అనే సెట్టింగుతో వాడితే పదం ఉన్నది ఉన్నట్టుగా పోలుతుంది తప్ప విభక్తులు తెగవు. లూసీన్ తొమ్మిదో తరం నుంచి తెలుగుకు ప్రత్యేక ఎనలైజర్‌ను ఇస్తోంది, దానిలో రూపభేదాలను సరిచేసే భాగంతో పాటు ప్రత్యయాలను కత్తిరించే భాగం కూడా ఉంది. అది మంచి ఆరంభమే, కానీ చివరలను కత్తిరించే ఏ పద్ధతైనా తెలుగులో ఒక చోట ఆగిపోక తప్పదు. "ఇల్లు" విభక్తి చేరగానే "ఇంటి", "ఇంట్లో" అవుతుంది. "కన్ను" బహువచనంలో "కళ్ళు", విభక్తికి ముందు "కంటి". "నెయ్యి" కాస్తా "నేతి" అవుతుంది. వీటి మొదళ్ళే మారిపోతాయి కనుక చివర ఎంత కోసినా కలవవు. వంటకాల సైట్‌లో "నెయ్యి" అని వెతికినవారికి "నేతి అరిసెలు" కనిపించలేదంటే కారణం ఇదే. ఇలా మారే మాటలు రోజువారీ వాడుకలో ఎక్కువే అయినా అంతులేనివేమీ కావు, చేత్తో రాసుకున్న పర్యాయాల పట్టిక ఈ పని చేస్తుంది. అదే పట్టికలో "రాజమండ్రి"ని "రాజమహేంద్రవరం"తో, "బెజవాడ"ను "విజయవాడ"తో, "ఓరుగల్లు"ను "వరంగల్"తో కలిపితే అదనపు శ్రమ లేకుండా ఊళ్ళ పేర్లు కూడా కలిసివస్తాయి. సొంత సెర్చ్‌కు "కస్టమ్" అన్న విశేషణం న్యాయంగా దక్కేది పెట్టె రంగు మార్చినందుకు కాదు, ఇలాంటి పట్టిక ఉన్నందుకు.

అక్షరదోషాలను సర్దుకునే సౌకర్యాన్ని చాలామంది కళ్ళు మూసుకుని ఆన్ చేస్తారు. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఆటో అనే సెట్టింగు ప్రకారం రెండు గుర్తుల వరకు ఉన్న మాటలో తప్పు ఒప్పుకోదు, మూడు నుంచి ఐదు గుర్తుల మాటలో ఒకటి, ఐదు దాటితే రెండు తప్పులు ఒప్పుకుంటుంది. ఆ లెక్క ఇంగ్లీషు మాటల పొడవుకే సరిపోతుంది. "తెలుగు" మనకు మూడక్షరాల మాట, యూనికోడ్ లెక్కలో ఆరు గుర్తులు. కాబట్టి అందులో రెండు మార్పులు చెల్లుతాయి. ఒక్క మార్పుతో "వెలుగు" వస్తుంది, రెండు మార్పులతో "తెగులు" వస్తుంది. తెలుగు సాహిత్యం కోసం వెతికినవారికి వరి తెగుళ్ళ వ్యాసం చూపించే సెర్చ్ మీద ఎవరికి గురి కుదురుతుంది? నిజానికి తెలుగు టైపింగ్‌లో జరిగే తప్పులు ఎక్కువగా కొన్ని రకాలే: హ్రస్వదీర్ఘాలు తారుమారు కావడం, ఒత్తక్షరం బదులు వత్తు లేనిది ("భ" బదులు "బ") పడటం, "శ", "ష", "స"లు, "న", "ణ"లు, "ల", "ళ"లు కలిసిపోవడం. ఈ తేడాలను చెరిపేసిన రెండో ఇండెక్స్ ఫీల్డును పక్కన పెట్టుకుని, అసలు రూపంతో ఫలితాలు రానప్పుడో మరీ తక్కువగా వచ్చినప్పుడో మాత్రమే దాన్ని అడిగితే, "తెగులు" బెడద లేకుండానే "బాష" అని కొట్టినవారికి "భాష" దొరుకుతుంది.

అదే ఫీల్డు మరో పెద్ద అవసరాన్నీ తీరుస్తుంది. తెలుగు చదివేవారిలో చాలామంది తెలుగును రోమన్ లిపిలోనే టైపు చేస్తారు. అందులో ఏ ప్రమాణమూ ఉండదు. దీర్ఘానికి అచ్చును రెండుసార్లు కొట్టేవారూ ఉన్నారు, ఒకసారితో సరిపెట్టేవారూ ఉన్నారు. ఒకే రోమన్ వర్ణక్రమం "పాట", "పాత", "పట" మూడింటికీ సరిపోతుంది. దాన్ని కచ్చితమైన తెలుగు మాటగా మార్చాలని పట్టుబడితే మూడింట రెండు సార్లు తప్పే అవకాశం ఉంటుంది. తెలుగు మాటలనూ రోమన్ మాటలనూ కలిపి ఒకే ముతక ఉచ్చారణ సంకేతంలోకి దించి, మూడు అర్థాలనూ వెలికితీసి, మిగతా మాటల ఆధారంతో వరుస పెట్టడమే ఆచరణలో నిలిచే పద్ధతి.

పెట్టె విషయానికొస్తే, హెచ్‌టీఎమ్‌ఎల్‌లో సెర్చ్ రకం ఇన్‌పుట్, దానికి స్పష్టమైన లేబుల్, ఫారమ్ చుట్టూ 2023లో ప్రమాణంలో చేరిన సెర్చ్ ఎలిమెంట్ ఉంటే స్క్రీన్ రీడర్ వాడేవారికి కూడా దారి దొరుకుతుంది. ఫారమ్ గెట్ పద్ధతిలో, అంటే వెతికిన మాట లింకులోనే కనిపించేలా, ఉండాలి, అప్పుడే ఫలితాల లింకును ఇంకొకరికి పంపడం, వెనక్కి వెళ్ళడం సాధ్యమవుతాయి. కాకపోతే ప్రతి తెలుగు గుర్తుకూ యూటీఎఫ్-8లో మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటుకు మూడు అక్షరాలు పడతాయి. ఏడు గుర్తుల "పుస్తకం" లింకులోకి వెళ్ళేసరికి 63 అక్షరాలవుతుంది. అందువల్ల లింకు పొడవుకు ఎక్కడైనా పరిమితి పెట్టి ఉంటే దాన్ని తెలుగుతో పరీక్షించాలి.

టైపు చేస్తుండగానే సూచనలు చూపే సౌకర్యంలో తెలుగు కీబోర్డులకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. ఉచ్చారణను బట్టి తెలుగులోకి మార్చే కీబోర్డుల్లో మాట పూర్తయ్యే దాకా పెట్టెలో ఉన్నది సగం తయారైన రూపమే, కొన్నింటిలో రోమన్ అక్షరాలే. బ్రౌజర్ ఈ దశను కంపోజిషన్ ఈవెంట్ల ద్వారా తెలియజేస్తుంది. దాన్ని పట్టించుకోని కోడ్ ప్రతి సగం మాటకూ సర్వర్‌ను అడుగుతుంది. మాటను ఖాయం చేయడానికి కొట్టిన ఎంటర్‌ను వెతకమన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. కంపోజిషన్ ముగిసిన తర్వాత 200 నుంచి 300 మిల్లీసెకన్లు ఆగి అడగడం, కొత్త ప్రశ్న వెళ్ళగానే పాతదాన్ని రద్దు చేయడం అనే రెండు జాగ్రత్తలతో ఇది కుదుటపడుతుంది. రెండోది లేకపోతే ఆలస్యంగా వచ్చిన పాత సమాధానం కొత్తదాని మీద పడి, పెట్టెలో ఒక మాట, కింద ఇంకో మాట ఫలితాలు కనిపిస్తాయి.

ఫలితాల్లో దొరికిన మాటకు పసుపు రంగు పూయడం కూడా తేలికైన పనిలా కనిపిస్తుంది. "పుస్తక" అని వెతికినప్పుడు "పుస్తకాలు"లో పోలిక "క" దగ్గర ఆగుతుంది, దీర్ఘపు గుర్తు అవతల మిగిలిపోతుంది. రంగు ట్యాగును అక్కడే మూసేస్తే "కా" అనే ఒక్క అక్షరం రెండుగా చీలి, కొన్నిచోట్ల ఆ గుర్తు చుక్కల వలయం మీద ఒంటరిగా వేలాడుతుంది. సారాంశాన్ని 150 గుర్తుల దగ్గర కోసినప్పుడూ ఇంతే, చివరి మాట పొల్లు దగ్గర తెగి "పుస్..." అని మిగులుతుంది. బ్రౌజర్లలో ఇప్పుడు అందుబాటులో ఉన్న సెగ్మెంటర్ సౌకర్యంతో అక్షరాల హద్దులు చూసుకుని కోయాలి.

దొరికినవాటిని ఏ వరుసలో పెట్టాలన్న దానికి బీఎమ్25 అనే సూత్రం చాలా ఇంజిన్లలో డిఫాల్ట్‌గా ఉంది. లూసీన్ 2016లో ఆరో తరంతో దానికి మారింది. అరుదైన మాటకు ఎక్కువ బరువు ఇవ్వాలన్న దాని మూలసూత్రాన్ని 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించారు. దాని పైన అప్లికేషన్‌కు తెలిసిన సంగతులు చేర్చాలి. గ్రంథాలయంలో శీర్షికకూ రచయిత పేరుకూ, వార్తల్లో తేదీకీ ఎక్కువ బరువు ఉండాలి. స్టెమింగ్ వల్ల కలిసిన రూపం కన్నా అచ్చంగా అదే రూపం ముందు రావాలి. ముతక ఉచ్చారణ వల్ల దొరికినది అన్నిటికన్నా వెనుక ఉండాలి.

భద్రతలో రెండు పాత నియమాలు చాలామందికి తెలిసినవే: వెతికిన మాటను ఎస్‌క్యూఎల్‌లో నేరుగా అతికించకూడదు, ఫలితాల పేజీలో తిరిగి చూపించేటప్పుడు ఎస్కేప్ చేయకుండా (కోడ్‌గా నడిచే గుర్తులను నిర్వీర్యం చేయకుండా) చూపించకూడదు. ఎక్కువగా మరచిపోయేది మూడోది. ఎవరెవరు ఏ రికార్డు చూడవచ్చన్న హద్దు ఇండెక్స్‌కు పంపే ప్రశ్నలోనే ఉండాలి. ఫలితాలు వచ్చాక వడపోస్తే, "మొత్తం 14 దొరికాయి" అన్న అంకె, టైపు చేస్తుండగా వచ్చే సూచన కూడా దాచాల్సిన సంగతిని బయటపెడతాయి.

సెర్చ్ వాడుకలోకి వచ్చాక దాన్ని మెరుగుపరిచే సరుకంతా ఫలితాలు రాని ప్రశ్నల లాగ్‌లోనే ఉంటుంది. ఏ పర్యాయం పట్టికలో లేదో, ఏ వర్ణక్రమం కలవడం లేదో, అసలు సైట్‌లో లేని ఏ విషయాన్ని జనం అడుగుతున్నారో అది చెబుతుంది. ఆ లాగ్‌ను మనిషి పేరుతో ముడిపెట్టి దాచడం మాత్రం ప్రమాదకరం. 2006లో ఏఓఎల్ సుమారు 6.5 లక్షల మంది వెతుకులాటలను పేర్లు తీసేసి విడుదల చేస్తే, కేవలం వెతికిన మాటలను బట్టి విలేకరులు ఒక వ్యక్తిని కనుక్కోగలిగారు. మన దేశంలో కూడా 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. మాట, తేదీ, ఎన్ని ఫలితాలు వచ్చాయన్న అంకె మాత్రం దాచితే పని జరిగిపోతుంది.

ఆ లాగ్‌లోంచి ఏరిన యాభై అరవై ప్రశ్నలనూ, ప్రతిదానికీ మొదటి వరుసల్లో ఏం రావాలో కూడా ఒక ఫైలులో రాసిపెట్టుకుని, నియమాలు మార్చిన ప్రతిసారీ దాన్ని నడిపి చూడాలి. "నెయ్యి" కోసం చేర్చిన ఒక నియమం "నేత"ను చెడగొట్టిందేమో అలాగే తెలుస్తుంది. ఇండెక్స్‌లోకి ఎక్కేటప్పటి నియమాలు మారితే ఇండెక్స్ మొత్తాన్ని మళ్ళీ కట్టాలి, లేకపోతే పాత రికార్డులు పాత రూపంలో, కొత్తవి కొత్త రూపంలో ఉండిపోతాయి. నడుస్తున్నదాన్ని కదిలించకుండా పక్కన కొత్త ఇండెక్స్ కట్టి, పరీక్ష ఫైలును దాని మీద నడిపి, ఫలితాలు సరిగా వచ్చాకే అప్లికేషన్‌ను దాని వైపు తిప్పాలి. పాతదాన్ని కొన్నాళ్ళు చెరపకుండా ఉంచుకుంటే, కొత్తది తేడా చేసినప్పుడు వెనక్కి తిప్పడానికి ఒక్క సెట్టింగు మారిస్తే చాలు.